బకింగ్‌హాం కాలువ గట్టున రెండు రోజులు

నెల్లూరులో పొద్దున్నే మైపాడు బస్సెక్కాను. ఇందుకూరుపేట చుట్టుపక్కల దారికి రెండు వైపులా వరి. పెన్న నీళ్లతో తడిసే మాగాణి ఇది. మొలగొలుకుల బియ్యంతో నెల్లూరుకు పేరు తెచ్చింది ఇలాంటి నేలే. సముద్రం దగ్గరపడే కొద్దీ వరి పలచబడి, రొయ్యల గుంటలు మొదలయ్యాయి. బాబాయి వాళ్ల ఊళ్లో దిగేసరికి గాలి నిండా మేత వాసన.

పిన్ని ఇచ్చిన కాఫీ మొదటి గుక్కకే ఉప్పగా తగిలింది. "క్యాను నీళ్లు అయిపోయాయి నాయనా, బావి నీళ్లతో కాచాను" అంది, తప్పు చేసినదానిలా. చిన్నప్పుడు సెలవులకు వస్తే ఆ బావి నీళ్లే కడుపునిండా తాగేవాళ్లం. పెరట్లోకి వెళ్లి చూశాను. నిమ్మచెట్టు ఆకుల అంచులు నిప్పు సోకినట్టు మాడి ఉన్నాయి. ఒక ఆకు నలిపితే వాసన ఇంకా ఉంది, కాయ మాత్రం లేదు. గుంటల్లో నెలల తరబడి నిలిపిన ఉప్పునీరు నేలలోకి ఇంకుతుంది. తీపినీటి కోసం బోర్లతో తోడేకొద్దీ సముద్రపు నీరు భూమి లోపలి నుంచి ముందుకు జరుగుతుంది. బావి, చేను, చెట్టు వరసగా ఉప్పెక్కుతాయి.

సాయంత్రం బాబాయి తన గుంటల దగ్గరకు తీసుకెళ్లాడు. 1990ల్లో టైగర్ రొయ్య వేసి, తెల్లమచ్చ రోగానికి పంటంతా పోగొట్టుకున్న మనిషి. 2009లో వన్నామి అనే మరో రకం రొయ్యకు అనుమతి వచ్చాక, కొన్నాళ్లకు మళ్లీ దిగాడు. కర్రతో గుంట అడుగు కెలికి చూపించాడు. తారులాంటి నల్లటి బురద, కుళ్లిన గుడ్డు వాసన. మేతలో ఉండే నత్రజనిలో దాదాపు నాలుగో వంతే రొయ్య ఒంట పడుతుంది. మిగిలింది నీళ్లలో, ఈ బురదలో చేరి అమ్మోనియా అవుతుంది. ఆ నీళ్లు కాలువలో కలిస్తే నాచు పెరుగుతుంది, రాత్రిపూట ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. గుంటల నీళ్లకు గాలి అందించే ఏరేటర్ల హోరు ఆగదు. కరెంటు పోగానే డీజిల్ ఇంజన్లు అందుకున్నాయి, పొగ కిటికీలోంచి లోపలికి వచ్చింది. పిన్ని దగ్గుతూ లేచి తలుపు వేసింది. గాలి కాలుష్యం, నీటి కాలుష్యం, నేల కాలుష్యం, శబ్ద కాలుష్యం అని బడిలో వేర్వేరు పాఠాలుగా చదువుకున్నాం. ఇక్కడ అన్నీ ఒక్క గుంట గట్టు మీదే ఉన్నాయి.

పంటభూముల్ని రొయ్యల గుంటలుగా మార్చకూడదని సుప్రీంకోర్టు 1996 డిసెంబరులోనే చెప్పింది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. తప్పంతా రైతు మీదికి నెట్టడం నాకిష్టం లేదు. పక్క గుంటల ఉప్పు ఊరి తన వరి పోయాకే బాబాయి వరి మానేశాడు. కానీ వాడిన నీళ్లను నిలబెట్టి, తేరనిచ్చి వదలడానికి ఒక గుంట ఉండాలి కదా అని అడిగాను.

"అరెకరం పోతుంది నాయనా. అందరూ తవ్వితే నేనూ తవ్వుతాను" అన్నాడు.

మర్నాడు పక్కవాళ్ల గుంటలో రొయ్యల పట్టుబడి. తెల్లవారకముందే కాలువ గట్టుకు వెళ్లాం. ఒకప్పుడు బియ్యం, ఉప్పు, కట్టెలతో పడవలు మద్రాసు దాకా సాగిన కాలువ ఇది. గుంట తూము తీయగానే నల్లనీళ్లు నురగతో దూకాయి. కిందివైపు యాభై అడుగుల దూరంలో మరో రైతు మోటారు ఆడుతోంది, కొత్త పంటకు గుంట నింపుకోవడానికి. బాబాయి పరుగున వెళ్లి అతన్ని ఆపమన్నాడు. అతను మోటారు కట్టేసి, నీళ్లు ఎప్పుడు తేరతాయా అని గట్టు మీదే కూర్చున్నాడు. మేము బస్సు వేళకు లేచి వచ్చేటప్పటికీ కాలువ నల్లగానే ఉంది.