కొసలకు నూనె

ఆదివారం.

పొద్దున వంటింట్లోకి వెళ్ళేసరికి కొబ్బరినూనె సీసాలో తెల్లగా పేరుకుపోయి ఉంది. డిసెంబరులో మా నల్లకుంట ఇంట్లో ఇది మామూలే. 24 డిగ్రీల కిందికి దిగితే కొబ్బరినూనె గడ్డకట్టడం మొదలుపెడుతుంది. ఇక రాత్రంతా కిటికీ పక్కన ఉన్న సీసా సంగతి చెప్పేదేముంది. గడ్డకట్టిందంటే అసలైన నూనే అని చాలామంది నమ్ముతారు కానీ కల్తీ నూనె కూడా చలికి గడ్డకట్టొచ్చు. నేను నూనెను వాసనతోనే గుర్తుపడతాను. మా వీధి చివర కట్టె గానుగ పెట్టాక, కుడుకలు వేసి ఆడిస్తుంటే అక్కడే నిలబడి, దిగిన నూనె దిగినట్టే పట్టించుకుని తెచ్చుకుంటున్నాను. ఆ వాసనకు హోలీనాడు పిల్లల మెళ్ళో వేసే కుడుకల పేర్లు గుర్తొస్తాయి.

సీసాను పొయ్యి సెగకు పెట్టను. స్టీలు గిన్నెలో వేడినీళ్ళు పోసి అందులో నిలబెడితే కాసేపట్లో కరిగిపోతుంది. చేతికి గోరువెచ్చగా తగిలితే చాలు, అంతకన్నా వేడి అక్కర్లేదు.

ఈరోజు అమ్మాయి తల పని పెట్టుకున్నాను. ఇంటర్ రెండో సంవత్సరం. పొద్దున్నే కాలేజీ బస్సు, సాయంత్రం స్టడీ అవర్స్ అయ్యాక ఇల్లు. వారమంతా బిగించి వేసిన జడే. నడుము దిగిన జుట్టు బస్సు సీటుకు రాసుకుని, బ్యాగు పట్టీ కింద నలిగి, ఈ చలిగాలికి చివర్లు ఎండిపోయాయి. మధ్యాహ్నం భోజనాలయ్యాక బాల్కనీలో ఎండ పడేచోట పీట వేసి కూర్చోబెట్టాను. చేతిలో ఫిజిక్స్ పుస్తకం, ఇంకో చేతిలో జామపండు.

నూనె గిన్నె చూడగానే అత్తమ్మ, "కొంచెం ఆముదం గూడ కలుపు బిడ్డా, చలికాలంల కొబ్బరినూనె ఒక్కటే ఆగదు" అన్నారు.

ఆవిడది పాలమూరు. చెలకల్లో ఆముదం పండించిన ఇల్లు. వంటాముదం ఎట్లా తీసేవాళ్ళో ఆవిడ నోట ఎన్నిసార్లు విన్నా నాకు తనివి తీరదు, ఈరోజూ అడిగి చెప్పించుకున్నాను. గింజలు దోరగా వేయించాలి. రోట్లో మెత్తగా దంచాలి. ఆ ముద్దను పెద్ద గిన్నెలో నీళ్ళు పోసి కట్టెల పొయ్యి మీద మరిగిస్తూ కూర్చోవాలి. నూనె మెల్లగా పైకి తేలుతుంది. దాన్ని గరిటెతో జాగ్రత్తగా తీసి, వేరే గిన్నెలో మళ్ళీ కాచాలి. చిటపట ఆగిందంటే తడి పోయినట్టు. "అప్పుడు దించాలె. తడి ఉంటే నూనె పాడైతది" అని అత్తమ్మ అంటుంటే ఆవిడ కుడిచెయ్యి గరిటె తిప్పుతున్నట్టే కదులుతోంది. ఆముదం పిండి మాత్రం పశువుల దగ్గరికి పోనియ్యరట, అందులో విషం ఉంటుంది, చేనుకు ఎరువుగా వేస్తారు.

ఊరి నుంచి వచ్చిన ఆ నూనె చిక్కగా, కాస్త పొగవాసనతో ఉంటుంది. ఆముదంలో దాదాపు 90 శాతం రిసినోలిక్ అనే కొవ్వు ఆమ్లమే, ఆ చిక్కదనమంతా దానివల్లే. ఒక్క ఆముదమే పొడుగు జుట్టంతా పట్టిస్తే వెంట్రుకలు ఒకదానికొకటి అంటుకుని చిక్కులు పడతాయి, కడిగినా ఒకంతట వదలదు. నాలుగు చెంచాల కొబ్బరినూనెకు ఒక చెంచా ఆముదం కలిపితే చేతికి బాగా జారుతుంది, వెంట్రుక మీద నిలుస్తుంది. ఈరోజూ అదే పాళ్ళు.

మన ఇళ్ళల్లో తలకు నూనె అంటే ముందు మాడు మీద పోయడమే. చల్లగా ఉంటుంది, మర్దన చేస్తే నిద్ర పడుతుంది, నాకూ ఇష్టమే. కానీ పొడుగు జుట్టున్న వాళ్ళు ఎవరు అడిగినా నేను ఒకటే చెబుతాను. నూనె ముందు అందాల్సింది కొసలకు. వెంట్రుక నెలకు సెంటీమీటరు, మహా అయితే దాని మీద ఇంకాస్త పెరుగుతుంది. ఆ లెక్కన మా అమ్మాయి జడ చివర ఉన్న వెంట్రుక, అది ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్ క్లాసులు విన్న కరోనా రోజుల నాటిది. అప్పటి నుంచి ఎన్ని ఎండలు చూసిందో, ఎన్ని దువ్వెన్లు, ఎన్ని రబ్బరు బ్యాండ్లు. కుదుళ్ళ దగ్గర వెంట్రుకకు చర్మం నుంచి ఊరే సహజమైన జిడ్డు ఎప్పటికప్పుడు అందుతుంది. అది ఇంత పొడుగు జుట్టులో కిందిదాకా దిగిరాదు. పైనున్నదానికి పెట్టి పెట్టి, అవసరమున్న కింద మాత్రం అరచేతికి మిగిలిన జిడ్డు తుడిస్తే ఎట్లా?

అందుకే నా పద్ధతి తలకిందులుగా ఉంటుంది. జుట్టును నాలుగు పాయలు చేస్తాను. ఒక్కో పాయను కింద నుంచి పట్టుకుని, వేళ్ళతో ముందు చిక్కు విడదీసి, అరచేతిలో పావు చెంచా నూనె రాసుకుని, చివరి జానెడు మేర రెండు అరచేతుల మధ్య నొక్కుతూ పట్టిస్తాను. గట్టిగా రుద్దను. కొసలు నూనెను పీల్చుకోవడం తెలిసిపోతుంది. రాసిన కాసేపటికే మళ్ళీ పొడిగా కనిపిస్తే ఇంకొంచెం పెడతాను. ఆ తర్వాతే పైకి వెళ్తాను. నడుము దాటిన జుట్టుకైనా మొత్తం రెండు పెద్ద చెంచాలు మించనివ్వను. కారేలా పెడితే వదిలించడానికి రెండింతలు రుద్దాలి, పెట్టిన ఫలితమంతా అక్కడే పోతుంది.

కొబ్బరినూనె మీద నాకున్న నమ్మకం ఒక్క అలవాటు వల్ల వచ్చింది కాదు. 2003లో ఆర్తి రెలే, మోహిలే అనే పరిశోధకులు కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, పెట్రోలియం నుంచి తీసే మినరల్ ఆయిల్ పక్కపక్కన పెట్టి చూశారు. వెంట్రుకలోంచి ప్రొటీన్ పోవడాన్ని బాగా తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. వాళ్ళు కొబ్బరినూనె అమ్మే మారికో కంపెనీ వాళ్ళే, ఆ సంగతి మనసులో పెట్టుకునే చదవాలి. అయినా కారణం సబబుగా ఉంది. కొబ్బరినూనెలో సగం దాకా లారిక్ ఆమ్లమే. దాని అణువు చిన్నది, తిన్ననిది, అందుకే వెంట్రుక లోపలికి చొచ్చుకుపోతుంది. మినరల్ ఆయిల్ పైనే ఉండిపోతుంది. వెంట్రుక పైపొర గూనపెంకల ఇంటి కప్పు తీరున ఒకదాని మీద ఒకటి పరిచిన పెచ్చులతో ఉంటుంది. తడిస్తే వెంట్రుక ఉబ్బుతుంది, ఆ పెచ్చులు లేస్తాయి, ఆరితే మళ్ళీ కుంచించుకుపోతుంది. ప్రతి తలస్నానానికీ ఇదే తంతు. ముందే లోపల నూనె ఉంటే నీళ్ళు అంతగా చొరబడవు. నూనె తలస్నానానికి ముందు పెట్టమనేది ఇందుకే.

ఇదంతా చెబుతుంటే అమ్మాయి పుస్తకం మూసేసి, "మరి రోజ్‌మేరీ నూనె అమ్మా? నెలలో ఎంతో పెరుగుతుందని రీల్స్‌లో అందరూ పెడుతున్నారు" అంది. దాని మీద 2015లో ఇరాన్‌లో ఒక పరిశోధన జరిగిన మాట నిజమే. 100 మంది బట్టతల మొదలైన మగవాళ్ళలో సగం మందికి రోజ్‌మేరీ, సగం మందికి బట్టతలకు వాడే మినాక్సిడిల్ మందు 2 శాతంది ఇచ్చి ఆరు నెలలు చూశారు, రెండూ ఇంచుమించు ఒకే ఫలితం ఇచ్చాయి. పదిహేడేళ్ళ పిల్ల జడ నెలలో బారెడు పెరుగుతుందని అందులో ఎక్కడా లేదు. పైగా ఆ ఘాటు నూనెను కలపకుండా నేరుగా రాస్తే చర్మం మండుతుంది. చర్మం బయటికొచ్చిన వెంట్రుకలో ప్రాణం ఉండదు, దానికి పైనుంచి ఏం పెట్టినా పెరగదు, ఉన్నది విరగకుండా నిలుస్తుంది. విరగకపోతే పొడుగు అదే కనిపిస్తుంది. పోయినేడు అమ్మాయికి దువ్వెన నిండా జుట్టు వస్తుంటే డాక్టరు ముందు రక్తపరీక్ష రాశారు, హిమోగ్లోబిన్ తక్కువని తేలింది. ఐరన్ మాత్రలు, తోటకూర, పల్లిపట్టీ మొదలుపెట్టాక నెలలు గడిచేకొద్దీ రాలడం తగ్గింది. ఆ పని ఏ నూనే చెయ్యలేదు.

చుండ్రు ఉన్నప్పుడు మాత్రం మాడుకు చుక్క కూడా పెట్టను. చుండ్రుతో ముడిపడిన మలసీజియా అనే ఫంగస్‌కు నూనెలోని కొవ్వే ఆహారం. అత్తమ్మ ఈ మాట ఒప్పుకోరు, "మాడు ఎండితేనే పొట్టు రాలుతది" అంటారు. ఆవిడ తల ఆవిడ ఇష్టం, మనవరాలి తల దగ్గర మాత్రం నా మాట నెగ్గుతుంది.

గంటన్నర ఉంచి తల పోశాను. ఊళ్ళో అయితే నూనె జడతో వారమంతా తిరగొచ్చు. ఇక్కడ రేపు బస్సెక్కితే విద్యానగర్ దాటకముందే దుమ్మంతా దానికే అంటుతుంది, అందుకే ఏ పూట నూనె ఆ పూటే వదిలిస్తాను. కుంకుడుకాయలు పొద్దున్నే కొట్టి గింజలు తీసి వేడినీళ్ళలో వేసి పెట్టాను. పిసికి, పాత వాయిలు చీర ముక్కలో వడగట్టాను. వడగట్టకపోతే తొక్కలు పొడుగు జుట్టులో చిక్కుకుని ప్రాణం తీస్తాయి. మా అపార్ట్‌మెంటు బోరునీళ్ళు గట్టినీళ్ళు, వాటిలోని కాల్షియం, మెగ్నీషియం వెంట్రుక మీద పేరుకుని గరుకు తెస్తాయి. జలమండలి నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి, అవి రెండు బకెట్లు తలకోసమే పట్టి దాచుకుంటాను. ఒంటి స్నానానికి ఏ నీళ్ళైనా సరే.

టవల్‌తో విదిలించి కొట్టకుండా మెత్తటి నూలుగుడ్డ చుట్టి నీళ్ళు లాగించాను. ఇంకా చెమ్మగా ఉండగానే వేలి కొసన అంటినంత కొబ్బరినూనె చివర్లకు పూసి, వెడల్పు పళ్ళ చెక్కదువ్వెనతో కింద నుంచి పైకి చిక్కు తీశాను. దువ్వెన ఎక్కడా ఆగలేదు. అప్పుడు వెలుతుర్లో పాయ ఎత్తి చూస్తే అక్కడక్కడా కొసలు రెండుగా చీలి ఉన్నాయి. చిట్లినదాన్ని ఏ నూనే అతికించలేదు, అలాగే వదిలేస్తే చీలిక పైకి పాకుతుంది. ప్రీఫైనల్స్ అయ్యాక రెండు వేళ్ళ మేర కత్తిరిద్దామన్నాను. ఒక్క వేలే అని బేరం పెట్టింది. సరేనన్నాను. అత్తమ్మ అప్పటికే మరిదికి ఫోన్ చేసి, సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆముదం రెండు సీసాలు తెమ్మన్నారు, ఒకటి మనవరాలికి, ఒకటి నాకు.