తంగేడు పొద, టెలిస్కోపు లాగ్

బతుకమ్మకని సెలవు పెట్టి హనుమకొండ వచ్చాను. మూడో రోజు తెల్లవారుజామున అమ్మ ఖాళీ సంచితో తిరిగొచ్చింది. ఊరి బయట ఏటా కోసుకునే తంగేడు పొద మీద ఒక్క పువ్వూ మిగల్లేదట. “ఎదురింటావిడ మన పిల్లకు బెల్లం ముక్క పెట్టి అడిగింది, ఇది చెప్పేసింది” అంటూ చెప్పులు విసిరినట్టు విడిచింది. అక్క కూతురు తలుపు చాటుకు తప్పుకుంది.

నాకు నవ్వొచ్చింది. చీలీలో ఒక కొండ మీద నేను టెలిస్కోపు ఆపరేటర్‌ని. పగలు నిద్ర, రాత్రి పని. శాస్త్రజ్ఞులు అడిగిన దిక్కుకు టెలిస్కోపు తిప్పడం, ఏ వేళ ఎటు చూశామో లాగ్‌లో రాయడం. వచ్చేవాళ్ళందరూ మహా మర్యాదస్తులు. అయినా ఒకాయన భోజనాల గదిలో నా పక్కకు జరిగి, తను చూసేదాని పేరు రాయొద్దని, సంకేతం చాలని గొణిగాడు. అవతలి బల్ల దగ్గర మరో విశ్వవిద్యాలయం వాళ్ళున్నారు. మాట్లాడుతూనే తన కాగితం మీద రొట్టె పళ్ళెం పెట్టేశాడు.

ఆయన భయం ఉత్తది కాదు. నెప్ట్యూన్ అవతల తిరిగే ఒక గోళాన్ని 2004 డిసెంబరులోనే గుర్తించిన అమెరికా శాస్త్రజ్ఞుడు మైక్ బ్రౌన్ బృందం, లెక్కలు పూర్తయ్యాక చెబుదామని దాచుకుంది. 2005 జులైలో వాళ్ళ సమావేశ వ్యాసం సారాంశంలో దాని సంకేతం బయటపడింది. ఆ సంకేతాన్ని ఇంటర్నెట్‌లో వెతికితే చీలీలోని సెర్రో టొలోలో టెలిస్కోపు లాగ్ తెరుచుకుంది. అదే నెలలో స్పెయిన్ బృందం ఆ గోళాన్ని తామే కనిపెట్టామని ప్రకటించింది. అంతకు కొద్దిగా ముందు ఆ లాగ్ తెరిచింది వాళ్ళ సంస్థ కంప్యూటర్ల నుంచే. చూసిన మాట నిజమేనని, అయితే గోళం తమ 2003 నాటి చిత్రాల్లోనే దొరికిందని వాళ్ళ వాదన. 2008లో అంతర్జాతీయ ఖగోళ సంఘం అమెరికావాళ్ళు సూచించిన హౌమియా అనే పేరు పెట్టి, కనిపెట్టిన చోటు స్పెయిన్‌దని రాసి, కనిపెట్టినవారి గడి ఖాళీగా వదిలేసింది. అచ్చం మన పంచాయితీ పెద్దమనుషుల తీర్పు. నాకైతే ఆ రాత్రుళ్ళు చలిలో టెలిస్కోపు కనిపెట్టుకుని ఉన్నవాళ్ళే గుర్తొస్తారు. అలాంటివాళ్ళకు అసలు గడే ఉండదు.

గునుగు పువ్వుకు రంగు అద్దుతూ అమ్మ అంతా విన్నది.

“చివరికి ఎవరికి దక్కింది?”

“చెరి సగం.”

“సగం పువ్వుతో బతుకమ్మ ఎంత ఎత్తు లేస్తుంది బిడ్డా?”

మర్నాడు మూడింటికే లేచింది, లైటు వేయకుండా. ఎక్కడికని అడిగితే, పిల్ల పడుకున్న వైపు చూసి పెదవుల మీద వేలు పెట్టుకుంది.