మీది చెల్కకు, కింది మడికి ఒకటే కాగితం

నేల రకం అన్న గడిలో ‘ఎర్ర నేల’ అని రాసి ఉంది. దాని కింద కొన్ని వరుసలు దాటాక పీహెచ్, అంటే మట్టి ఆమ్లమా క్షారమా చెప్పే అంకె, 8.0 అని ఉంది. తమ్ముడు సాయంత్రం పంపిన భూసార పరీక్ష కాగితం ఫోటోను పదేపదే పెద్దది చేసి చూస్తున్నాను. ఈ రెండు మాటలూ ఒకే మట్టి గురించి చెప్పినవని నమ్మడానికి మనసు ఒప్పుకోవడం లేదు. గ్రానైటు, నైస్ రాళ్ళు చివికి ఏర్పడిన మన వరంగల్ వైపు చెల్కల్లో, అంటే ఎత్తున ఉండే ఎర్ర ఇసుక నేలల్లో, పీహెచ్ మామూలుగా ఆరున్నరకు, ఏడున్నరకు మధ్యన ఉంటుంది. ఎనిమిది చూపిందంటే ఆ మట్టిలో సున్నం ఉందని అనుమానించాలి. మా భూమిలో సున్నం ఉండేది చెరువు వైపు ఉన్న రేగడి మడిలో.

అందరూ పడుకున్నారు. బాపు ఫోను పెట్టేసే ముందు అన్న మాట మాత్రం నన్ను పడుకోనివ్వడం లేదు: “మీది చెల్కకు, కింది మడికి ఒకటే కాయితమా బిడ్డా?”

మట్టి నమూనా తీసే పద్ధతి ప్రతి రైతు శిక్షణలోనూ చెప్పేదే. వాలు మారినా, రంగు మారినా, పంట మారినా ఆ ముక్కను వేరుగా చూడాలి. పైనున్న చెత్తను పక్కకు తోసి, పదిహేను సెంటీమీటర్ల లోతుకు వీ ఆకారంలో గుంట తీసి, దాని అంచును పైనుంచి కిందిదాకా సమంగా చెక్కాలి. అలా చాలా చోట్ల తీసిన మట్టిని పట్టా మీద కలిపి, నాలుగు పాళ్ళు చేసి, ఎదురెదురు పాళ్ళను తీసేస్తూ అరకిలో మిగిలేదాకా తగ్గించాలి. ఒకే రకం నేల లోపల ఇలా కలపడం మేలు చేస్తుంది, ఎందుకంటే పెంట కుప్ప పోసిన చోటుకు, పోయని చోటుకు ఉండే చిన్న చిన్న తేడాలు అందులో సర్దుకుంటాయి. రెండు రకాల నేలలను కలిపితే మాత్రం చేనులో ఎక్కడా లేని మూడో మట్టి పుడుతుంది. తమ్ముడు చెప్పినదాన్ని బట్టి, నమూనాకు వచ్చినవాళ్ళు చెల్కలో మోటరు దగ్గర కొన్ని చోట్ల, మడిలో కొన్ని చోట్ల తీసి అంతా ఒకే సంచిలో పోశారట. అలా వచ్చిన పీహెచ్ రెండింటి సగటు కూడా కాదు. సున్నం ఉన్న రేగడి కొద్దిగా కలిసినా చాలు, ఆ సున్నం మొత్తం మట్టిని ఎనిమిది దగ్గరికి లాగేస్తుంది, చెల్క తన మాట తాను చెప్పుకునే వీలే ఉండదు.

ఇంతవరకైతే కాగితాన్ని బీరువాలో పెట్టి ఊరుకునేవాళ్ళం. కానీ దాని అడుగున జిప్సం వేయమన్న సలహా ఉంది. నా కోపమంతా ఆ ఒక్క వాక్యం మీదనే. జిప్సం చౌడుకు వేసే మందు. పీహెచ్ 8.5 దాటి, మట్టి రేణువులు పట్టుకుని ఉన్న ధాతువుల్లో సోడియం వాటా నూటికి 15 దాటిన నేలలో, జిప్సంలోని కాల్షియం ఆ సోడియాన్ని తప్పించి తాను కూర్చుంటుంది. తప్పిన సోడియం నీళ్ళతో కిందికి పోతుంది. కేవలం సున్నం వల్ల ఎనిమిది చూపే నేలలో తప్పించవలసినంత సోడియమే ఉండదు, కాల్షియానికి కొరతా ఉండదు. వేరుశనగకు కాయ ఊరడానికి వేసే జిప్సం సంగతి వేరు. తమ్ముడు వేయబోయేది పత్తి. పోనీ సోడియం ఎంతో కొలిచి ఈ సలహా ఇచ్చారా అంటే, కాగితంలో ఆ గడే లేదు. సున్నపు నేలలో నిజంగా వెతకవలసింది జింకు, ఇనుము. అవి మట్టిలో ఉన్నా సున్నం వాటిని వేరుకు అందనివ్వదు. జింకు కిలో మట్టిలో 0.6 మిల్లీగ్రాముల కంటే తక్కువుంటే లోపమని లెక్క. ఆ గడి ఉంది కానీ, ఖాళీగా ఉంది.

మరొక సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు. ప్రయోగశాలలో మట్టిని నీడన ఆరబెట్టి, దంచి, రెండు మిల్లీమీటర్ల జల్లెడ పడతారు. జల్లెడ మీద మిగిలిన గరుసును పారేస్తారు. దిగిన మట్టిలో కిలోకు ఇన్ని మిల్లీగ్రాముల భాస్వరమని తేలిన అంకెను 2.24తో గుణించి హెక్టారుకు ఇన్ని కిలోలని రాస్తారు. ఆ 2.24 వెనుక, హెక్టారు మేర పదిహేను సెంటీమీటర్ల పొర 22.4 లక్షల కిలోలు తూగుతుందని, అదంతా జల్లెడ దిగే మట్టేనని ఒక ఊహ ఉంది. మా చెల్క మీది భాగంలో గొర్రు తోలితే రాళ్ళు గీసుకునే చప్పుడు గట్టు మీదికి వినిపిస్తుంది. అక్కడ ఎంత రాయి ఉంటే అంత మేరకు ఆ కిలోలు కాగితం మీద ఎక్కువగా కనిపిస్తున్నాయి. పారేసే ముందు గరుసును తూకం వేసి ఒక్క అంకె రాస్తే సరిపోయే పని ఇది.

చదువుకునే రోజుల్లో మా సారు మమ్మల్ని వర్ధన్నపేట దాటాక ఒక గుట్ట మీది నుంచి చెరువు కట్ట దాకా నడిపించిన రోజు ఇలాంటప్పుడల్లా గుర్తొస్తుంది. దారిలో గుంటలు తవ్వించారు. గుట్ట పాదం దగ్గర మోకాలి లోతు కూడా దిగకముందే గడ్డపారకు మొరం తగిలింది. రంగుల పుస్తకంలోని ఎర్రటి చెక్కల పక్కన మట్టిని పెట్టి పోల్చి, నంబరు రాసుకున్నాం. నడిమి వాలులోని గుంటలో పై మట్టి ఇసుకగా ఉంది, దిగేకొద్దీ బంక పెరిగింది, పెళ్ళల మీద సన్నని బంక పూత కనిపించింది. వాన నీరు బంకను పైపొర నుంచి కిందికి మోసుకుపోయిందనడానికి ఆ పూతే సాక్ష్యమని, ఇలాంటి పొర ఉండి కాల్షియం, మెగ్నీషియం వంటివి చాలినంత మిగిలిన నేలను ఆల్ఫిసాల్ అంటారని సారు చెప్పారు. చెరువు దగ్గరి గుంట మనిషి నిలువున దిగింది. అక్కడ మట్టి నల్లన. లోపలి పెళ్ళలను విడదీస్తే వాటి పక్కలు తోమిన కంచు పళ్ళెంలా మెరిశాయి. తడిసి ఉబ్బి, ఎండి కుంచించుకుని, మట్టి మట్టి మీద ఏళ్ళ తరబడి జారడం వల్ల వచ్చిన మెరుపు అది. పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే బుసబుస పొంగింది. ఇలాంటి నల్లమట్టికి వర్టిసాల్ అని పేరు పెట్టాలంటే పై అరమీటరులో బంక కనీసం నూటికి 30 ఉండాలి, బీటలు విచ్చుకుని మూసుకుంటూ ఉండాలి, ఇలాంటి జారుడు పలకలు కనిపించాలి.

“మూడు గుంటలకూ రాయి ఒక్కటే, వాన ఒక్కటే, ఎండ ఒక్కటే. మరి తేడా ఎక్కడిది?” అని సారు అడిగారు. నల్లమట్టి బసాల్టు నుంచే వస్తుందని అప్పటిదాకా మా నమ్మకం. ఆదిలాబాదు వైపు, దక్కను లావా పరుచుకున్న చోట అది నిజం కూడా. ఇక్కడ లావా లేదు. గుట్ట మీది రాయి చివికినప్పుడు విడుదలైన కాల్షియం, మెగ్నీషియం, సిలికా నీటితో వాలు దిగి పల్లంలో నిలిచిపోతాయి. నీరు తొందరగా పోలేని ఆ చోట అవి మళ్ళీ కూడుకుని, తడిస్తే ఉబ్బే స్మెక్టైట్ బంకగా మారతాయి. వాతావరణం, జీవజాలం, భూమి ఎత్తుపల్లాలు, మూలశిల, కాలం అనే అయిదూ కలిసి నేలను తయారు చేస్తాయని 1941లో నేలల శాస్త్రవేత్త హాన్స్ జెనీ సూత్రీకరించిన మాటను, తూర్పు ఆఫ్రికా కొండవాలుల మీద జెఫ్రీ మిల్న్ 1930లలో గొలుసుగా గుర్తించిన నేలల వరుసను మేము పుస్తకంలో చదివాం. గుట్టకు, చెరువుకు నడుమ అది కాళ్ళ కింద ఉంది. ఆ భూమి గల ముసలమ్మ సాయంత్రం దాకా గుంట పక్కనే నిలబడి, పూడ్చేటప్పుడు “కింది మన్ను కిందికే, మీది మన్ను మీదికే పొయ్యండి” అని మా చేత దగ్గరుండి చేయించింది. పొర పొరకూ ఉన్న తేడాను అంత పట్టుదలగా కాపాడినవాళ్ళను నేను మళ్ళీ చూడలేదు.

ఇక్కడిదాకా రాశాక నా అభిప్రాయం కొంత మారుతోంది. మిషన్ కాకతీయ పనులు 2015లో మొదలయ్యాక, ఊరి చెరువులో పూడిక తీసినప్పుడు బాపు ట్రాక్టర్లతో ఆ మట్టిని మోటరు పక్క చెల్క మీద పరిపించాడు. చెరువు మట్టి అంటే వాలు మీది నుంచి జారిపోయిన బంక, దానితోపాటు పోయిన కర్బనం. చుట్టూ రేగడి ఉన్న చెరువైతే సున్నం కూడా. పాకాల, రామప్ప చెరువులు కట్టిన 13వ శతాబ్దం నుంచీ మన వైపు చెరువుల అడుగున చేరుతున్నది ఇదే. అంటే నీరు కిందికి దించినదాన్ని బాపు మళ్ళీ పైకి ఎక్కించాడు. పదిహేను సెంటీమీటర్ల లోతున తీసిన నమూనాలో ఆ చెరువు మట్టే ఎక్కువ ఉండి ఉండవచ్చు. దానిపైన, పీహెచ్‌ను పెంచే బైకార్బొనేట్లు కూడా బోరు నీటితో ఏళ్ళుగా చేరుతున్నాయి. కాబట్టి వేరుగా తీసినా మోటరు దగ్గర ఎనిమిది వచ్చేదేమో. రెండు నేలలను ఒకే సంచిలో పోయడాన్ని నేను ఇప్పటికీ ఒప్పుకోను. అయితే ఆ ఒక్క కారణం మీదికే నెట్టి ఈ అంకెను కొట్టేయలేను. కలిసిన రేగడా, పరిచిన పూడికా, బోరు నీళ్ళా అన్నది పైపొర చెప్పదు. కిందికి తవ్వి చూడాలి. అరమీటరు లోతున ఎర్రమట్టి ఉండి, దాని మీద ఆమ్లం పొంగకపోతే, కింద ఉన్నది చెల్కే, పైన ఉన్నది బాపు కష్టం.

వాతావరణం గడి గురించి ఎక్కువ చెప్పను. అందులో జిల్లా సగటు వర్షపాతం వేసి వదిలేశారు. వరంగల్ వైపు ఏడాదికి దాదాపు వెయ్యి మిల్లీమీటర్లు పడితే, అందులో అధిక భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే పడుతుంది. ఆకాశం నుంచి ఎంత పడిందన్నదానికంటే, మట్టి లోపల తడి ఎన్ని రోజులు నిలిచిందన్నది ముఖ్యం. నేలల వర్గీకరణలో వాడేదీ ఆ లెక్కే: మన లాంటి వేడి ప్రాంతాల్లో వేరు అందుకునే పొర ఏడాదిలో 90 రోజులకు తక్కువ కాకుండా ఎండి ఉండి, మిగతా కాలంలో పంటకు చాలినంత వరుసగా తడిగా ఉంటే దాన్ని ఉస్టిక్ అంటారు. పటాన్‌చెరులో 1972లో పెట్టిన మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ క్షేత్రంలో ఒకే వాన కింద పటాన్‌చెరు శ్రేణి ఎర్ర నేల, కాసిరెడ్డిపల్లి శ్రేణి నల్ల నేల రెండూ ఉన్నాయి. ఎర్ర నేల మీద వానాకాలం పైరు వేస్తారు. లోతైన రేగడిని పాతకాలం రైతులు వానలో ఖాళీగా ఉంచి, అది దాచుకున్న తడి మీద యాసంగి జొన్న తీసేవారు. సగటు వర్షపాతం అంకెలో ఈ తేడా ఎక్కడా కనిపించదు.

ఈ రోజు బాపు మోకాలి పట్టీ లేకుండా మడి దాకా నడిచి వచ్చాడు. ఆ సంతోషం గురించి రాయాలనే కూర్చున్నాను.

రోహిణి కార్తె దాటి వాన పడితే రేగడి బీటలు మూసుకుపోతాయి, గుంట తవ్వినా నీరే ఊరుతుంది. అందుకే ఈ వారంలోనే చెల్క మీది అంచున, మోటరు దగ్గర, మడిలో తవ్వించాలి. ఒక్కొక్క చోట మీటరు లోతు దాకా పొర పొరకూ వేరు సంచి కట్టి, చోటు, లోతు, చెరువు మట్టి పరిచిన సంగతి చీటీ మీద రాసి లోపల వేయాలి. ఈసారి వేరే ప్రయోగశాలకు పంపి సున్నం శాతం, సోడియం వాటా, జింకు, గరుసు తూకం అడగాలి. తమ్ముడు జిప్సం బస్తాలకు ఇప్పటికే బయానా ఇచ్చాడు. అది తిరిగి రాకపోయినా సరే, ఆ బస్తాలు మాత్రం చేనులో దింపవద్దని పొద్దున్నే ఫోను చేసి చెప్పాలి.