మైనం మెత్తబడే ఊళ్లో ప్రేమకథ

ఇద్దరు మగవాళ్ల ప్రేమ, చిన్న ఊరు, చిటికెడు మాయ, చివర్లో ఏడుపు లేదు. ఇలాంటి కథను విజయనగరంలో పెట్టి రాయాలనుకునే మన బడి పిల్లలకు పనికొస్తాయని ఈ నాలుగు మాటలు.

ముందు మాయ సంగతి. మన ఊళ్లో దానికి సంజాయిషీ అక్కర్లేదు. జాతరలో పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను, సిరిమాను, ఏ తోటలో ఉందో పైడితల్లి అమ్మవారు పూజారికి కలలో చెబుతుందని నమ్మే ఊరిది. అయితే అమ్మవారిని ఈ ఇద్దరి మధ్యవర్తిని చెయ్యకండి, అది తేలిక దారి. మాయ ఒక్కటే ఉండాలి, చేసే పనిలోంచే పుట్టాలి. 1919 నుంచీ సంగీత కళాశాల ఉన్న ఊరు కాబట్టి వీణలు బాగుచేసే కొట్టు ఉందంటే ఎవరైనా నమ్ముతారు. బొబ్బిలి వీణను ఒకే పనస దుంగను తొలిచి చేస్తారు. దాని మీద 24 మెట్లు, వాటిని పట్టి ఉంచేది నల్ల మైనం. మేళం కట్టడమంటే చెవితో వింటూ ఒక్కో మెట్టునూ ఆ మైనంలో దాని చోట కూర్చోబెట్టడం. ఎండలు ముదిరితే మైనం మెత్తబడుతుంది, మెట్టు వెంట్రుకవాసి జరుగుతుంది, స్వరం తప్పుతుంది.

ఇంకేం కావాలి? ఊరికి బదిలీ మీద వచ్చిన బ్యాంకు గుమాస్తా తన మేనత్త వీణను మోసుకుని కొట్టుకు వచ్చిన రోజే వీణ మీద ఒక మెట్టు జరగాలి. ఎండకా, అతనికా? మీరు తేల్చకండి. ముసురు పట్టిన శ్రావణంలోనూ అదే మెట్టు జరిగితే చదివేవాళ్లే తేల్చుకుంటారు. వీణ నోరు తెరిచి మాట్లాడిందో, కథ చెడింది.

ఇక ప్రేమ. ఇద్దరు మగాళ్లు భుజాల మీద చేతులేసుకుని మూడు లాంతర్ల కూడలి నుంచి గంటస్తంభం దాకా నడిచినా ఇక్కడ ఎవరూ తలెత్తి చూడరు. కాబట్టి చెయ్యి తగిలిందని రాస్తే ఏమీ రాయనట్టే. పిలుపులో తెలియాలి. వీణలు బాగుచేసేవాడు ముందు మాట్లాడతాడు, గుమాస్తా బదులిస్తాడు.

“ఎల్లుండి రండి, మైనం గట్టిపడాలి.”

“ఎల్లుండి నాకు సెలవు లేదండీ.”

“అయితే రాత్రికి రా. అన్నం తినెల్దువు.”

‘రండి’ కాస్తా ‘రా’ అయింది. కథ మొత్తంలో ఇది ఒక్కసారే జరగాలి, దాని మీద వ్యాఖ్యానం వద్దు. రాత్రికి పనసపొట్టు కూర. పొయ్యి మీంచి దించాక కలపాల్సిన ఆవముద్దను కొట్టువాడు మాటల్లో పడి ముందే వేసేశాడు, చేదెక్కింది. వచ్చినవాడు మారు వడ్డించుకున్నాడు. ముద్దుకన్నా ఇది నయం.

దుష్టుడు అక్కర్లేదు. కొట్టువాడికి సంబంధాలు చూసే అమ్మ చాలు, ఆవిడ చెడ్డది కానక్కర్లేదు.

ముగింపు దగ్గరే చాలామంది జారతారు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఈ బంధం నేరం కాదంది. 2023 అక్టోబరు 17న మాత్రం పెళ్లికి చట్టబద్ధత ఇవ్వలేదు. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలతో ముగిస్తే బొత్తిగా అబద్ధం. కథ 2018కి ముందు జరిగితే పోలీసు భయం కూడా లెక్కలోకి వస్తుంది, హాయి కుదరడం కష్టం.

ముగింపు ఇలా ఉండొచ్చు. దసరా వెళ్లిన మంగళవారం సిరిమాను జాతర. ఆ రోజు కొట్టు మూసే ఉంటుంది. అమ్మ ఇంటినుంచి ఎప్పుడూ వచ్చేది రెండు గిన్నెల క్యారేజీ. ఆ మధ్యాహ్నం నాలుగు గిన్నెలది రావాలి. ఆవిడ చేత మాట చెప్పించకండి.