పాత టేకు తలుపు, కొత్త శాండర్: నా అనుభవం

బెంగళూరు మల్లేశ్వరంలోని మా మామయ్యగారి ఇంటి తలుపులన్నీ టేకువే. చూస్తే మాత్రం తెలియదు. పండక్కీ పెళ్లికీ ఒక్కో కోటు చొప్పున ఏళ్ల తరబడి వేసిన ఆకుపచ్చ ఎనామెల్ వాటి మీద అట్టకట్టింది. వీధి తలుపుకి పెచ్చులూడటం మొదలయ్యాక, దాన్ని నేనే బాగుచేస్తానని మాటిచ్చాను.

గరుకు కాగితపు డిస్క్‌ని తిప్పుతూ చెక్కని నునుపు చేసే మిషన్, ర్యాండమ్ ఆర్బిటల్ శాండర్ కోసం ఎస్పీ రోడ్డుకి వెళ్లాను. ఇనుము కోసే యాంగిల్ గ్రైండర్‌కి శాండింగ్ డిస్క్ తగిలిస్తే చాలు కదా అన్నాడు దుకాణం అబ్బాయి. చాలామంది అదే చేస్తారు, పైగా డిస్క్‌కి అడ్డుండే గార్డు కూడా పీకేసి. నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి దాదాపు 11,000 చుట్లు తిరుగుతుంది. చెయ్యి జారితే చెక్కలో గుంట, ఇంకాస్త జారితే తొడ మీద. అడిగిందే ఇమ్మన్నాను.

అసలు చిక్కు మిషన్‌తో కాదు, పెయింటుతో. ఇళ్లకు వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులో గానీ అమల్లోకి రాలేదు. అంతకు ముందరి నూనె పెయింట్లలో, ముఖ్యంగా పసుపు, ఆకుపచ్చ రంగుల్లో సీసం బాగా ఎక్కువగా ఉండేది. దాన్ని శాండర్‌తో రుద్దితే పొడి ఇల్లంతా పరుచుకుంటుంది. మా ఆడపడుచు కూతురిది ఇంకా పాకే వయసు, దొరికిందల్లా నోట్లోకే. సీసం పిల్లల మెదడునే దెబ్బతీస్తుంది. అందుకని పెయింటు ఉన్నంతసేపూ శాండర్ డబ్బాలోనే ఉంది. తలుపు విప్పించి, డాబా మీద ప్లాస్టిక్ షీట్ పరిచి, రబ్బరు గ్లౌజులు తొడుక్కుని, పెయింట్ రిమూవర్ పూసి స్క్రేపర్‌తో గీకాను. ఊడినదాన్ని తడి ఆరకముందే కవర్లో కట్టేశాను. విసుగు పుట్టించే పని.

తలుపు విప్పడానికి వచ్చిన ఆచారిగారిది హిందూపురం. చెక్క తేలాక శాండర్ పట్టడం కూడా ఆయనే చూపించారు. నన్ను చూడగానే అన్న మొదటి మాట: “ఆ చున్నీ పక్కన పెట్టమ్మా, మిషన్‌కి మనోళ్లెవరో తెలీదు.” నేను నొక్కిపట్టడం చూసి, “ఇస్త్రీ పెట్టె అనుకో. బరువు దానిది, నడిపించడం నీది” అన్నారు. గట్టిగా నొక్కితే డిస్క్ మందగించి, చెక్క మీద చుట్టలు చుట్టలుగా సన్నటి గీతలు పడతాయి. అప్పటికి కనపడవు, పాలిష్ పడ్డాక పళ్లికిలిస్తాయి. డిస్కుల్లో ముందు గరుకైన 80 నంబరు, తర్వాత 120, ఆపైన సన్నటి 180. మధ్యలో ఒకటి ఎగ్గొడదామంటే ఒప్పుకోలేదు. డిస్క్ బెజ్జాలు ప్యాడ్ బెజ్జాలకి సరిగ్గా కుదరాలి, లేకపోతే దుమ్ము సంచిలోకి పోకుండా మన ముక్కులోకి వస్తుంది.

మధ్యలో కరెంటు పోయింది. నేను చేతులు దులుపుకుంటూ లేచాను. ఆయన మాట్లాడకుండా వెళ్లి ప్లగ్గు పీకారు. మా శాండర్‌ది జరిపే స్విచ్, ఆన్‌లోనే ఉండిపోయింది. కరెంటు రాగానే దానంతటదే తిరిగేది. డిస్క్ మార్చేటప్పుడూ అంతే, స్విచ్ ఆపితే సరిపోదు, ప్లగ్గు చేతికి రావాలి.

సీసం లేకపోయినా చెక్క దుమ్ము మంచిదేమీ కాదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని క్యాన్సర్ కారకాల్లో మొదటి వర్గంలోనే చేర్చింది. ముఖానికి చేతిరుమాలు కట్టుకుంటే లాభం లేదు, ఎన్95 కావాలి. కళ్లద్దాలు, చెవులకి ప్లగ్గులు సరేసరి.

చివరికి అవిసె నూనె పట్టించాను. ఆ గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోవచ్చు. అందుకే విడివిడిగా దండెం మీద ఆరేశాను. అత్తయ్యగారు మాత్రం పట్టుచీరలు ఆరేసే చోట ఈ మసిగుడ్డలేంటని రెండుసార్లు అడిగారు.

మిగతా తలుపుల పెయింటు ఎక్కడా పెచ్చులూడలేదు. గట్టిగా ఉన్నంతకాలం దాన్ని కదపకపోవడమే క్షేమం కాబట్టి వాటి జోలికి పోవడం లేదు. ఆకుపచ్చంటే ఇష్టమున్న మామయ్యగారికి ఈ నిర్ణయం బాగా నచ్చింది.