ఇళ్ళు చూడటానికి వెళ్ళినప్పుడు: నా అనుభవం

ఇల్లు కుదిరింది. అగ్రిమెంటు మీద సంతకాలు కూడా అయిపోయాయి. లోను మంజూరు కావడం, పాత కాగితాలు లాయరుకి చూపించడం అందరూ భయపెట్టినంత కష్టం కాలేదు. అడిగిన కాగితం అడిగిన రోజే ఇస్తే ఆ పనులు వాటంతటవే నడుస్తాయి. మమ్మల్ని నలిపేసింది ఇళ్ళు చూడటమే. ఎవరో కాపురం ఉంటున్న ఇంట్లోకి వెళ్ళి, వాళ్ళ పడగ్గదిలో నిలబడి, వాళ్ళ ఎదురుగానే గోడలు తట్టి చూడటం నాకు చివరిదాకా అలవాటు కాలేదు.

ముందు ఫోటోల సంగతి. వెడల్పు లెన్సుతో ఒక మూల నుంచి తీస్తే మంచం పట్టని గది కూడా హాలులా కనిపిస్తుంది. అది అర్థమైన దగ్గర్నుంచి మా ఆయన జేబులో కొలతల టేపు లేకుండా గడప దాటలేదు.

ఒక ఇంట్లో గోడలన్నీ వెలిసిపోయి ఉన్నాయి, ఒక్క గోడకి మాత్రం కొత్త రంగు. ఇంటాయన ఆ గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు. మేం ఎటు జరిగితే అటు జరిగాడు. చివరికి నేనే "కాస్త పక్కకి రండి" అని చెయ్యి పెట్టి చూస్తే చల్లగా, తడితడిగా తగిలింది. చెమ్మ పట్టిన గోడని రంగు కొన్నాళ్ళే దాస్తుంది. లోపలి తడి లవణాలని పట్టుకొచ్చి, ఆరిపోయాక తెల్లటి పొడిగా పైకి తేలుస్తుంది. రంగు పెచ్చులుగా లేస్తుంది. ఇల్లంతా పాతగా ఉండి ఒక్క చోటే కొత్తగా ఉంటే అక్కడే ఆగండి.

ఇంకో ఇంట్లో భార్యాభర్తలు విడిపోతున్నారు, అందుకే అమ్మకం. ఆయన ఒక్కో గదీ పొగుడుతుంటే ఆవిడ వెనకాలే వచ్చి సరిదిద్దేది. "వానొస్తే ఈ కిటికీ కింద బకెట్టు పెట్టాలి" అంది. "ఎప్పుడో ఒకసారి" అన్నాడాయన. "ప్రతిసారీ" అందావిడ. బ్రోకరు తలెత్తి ఫ్యాను వంక చూస్తూ నిలబడ్డాడు. ఎంత ఇబ్బందిగా ఉన్నా, ఏ బ్రోకరూ చెప్పని నిజాలు నాకు చెప్పింది ఆవిడే. రాత్రిళ్ళు పక్కింటి మోటారు మోతకి నిద్ర పట్టదని కూడా ఆవిడే చెప్పింది.

మరో చోట ఒక గది చూపించలేదు, లోపల పిల్లాడు పడుకున్నాడన్నారు. ఇంకో రోజు వేరే వేళకి వెళ్ళినా అదే మాట. చూపించని గది ఉన్న ఇంటికి బేరమాడొద్దు, అంతే.

ఇవన్నీ మర్చిపోగలను. పెద్దావిడ ఉన్న ఆ ఇల్లు మాత్రం మర్చిపోలేను.

మెట్లెక్కి బెల్లు నొక్కాక, అప్పుడు గొంతు తగ్గించి చెప్పాడు బ్రోకరు: "మేడమ్, లోపల వాళ్ళమ్మగారు ఉంటారు. అమ్మకం సంగతి ఆవిడ ముందు ఎత్తకండి. అబ్బాయిగారి స్నేహితులమని చెప్పండి చాలు." ఇదేమిటని నేను అడిగేలోపే తలుపు తెరుచుకుంది.

"రండమ్మా, రండి. స్నేహితులు వస్తారని మావాడు ఫోన్ చేశాడు" అంటూ ఆవిడ కుర్చీలు లాగి వేశారు. మంచినీళ్ళు ఇచ్చి నా పక్కనే కూర్చుని, "వాడు వేళకి తింటున్నాడా?" అని అడిగారు. ఆ అబ్బాయి ముఖం నేనెప్పుడూ చూడలేదు. నా నోట మాట రాలేదు. బ్రోకరే అందుకుని "బాగా తింటున్నారండీ" అన్నాడు. ఒక తల్లి అడిగిన ప్రశ్నకి ఎవరో దారిన పోయేవాడు అలా జవాబు చెప్పడం విని నాకు ఒళ్ళు మండిపోయింది.

మా ఆయన అప్పటికే టేపు బయటికి తీశారు. "ఏం కొలుస్తున్నావు నాయనా?" అన్నారావిడ. "పరదాలకండీ, అబ్బాయిగారు కొత్తవి వేయిస్తానన్నారు" అన్నాడు బ్రోకరు. ఆవిడ కిటికీ వైపు చూసి, "ఇవి మొన్ననేగా మార్చింది" అని, తిరిగి నా ముఖంలోకి చూశారు.

నేను చెప్పేశాను. "మేం మీ అబ్బాయి స్నేహితులం కాదమ్మా. ఇల్లు అమ్మకానికి ఉందంటే చూడటానికి వచ్చాం."

బ్రోకరు మా ఆయన మోచెయ్యి పట్టుకుని తలుపు వైపు లాగడం మొదలుపెట్టాడు. ఆవిడ ఏడవలేదు, కేకలు వెయ్యలేదు. కాసేపు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. "ఎంత ఉంటుందని చెప్పాడు?" అని అడిగారు. ధర కాదు, ఆవిడ అడిగింది కొలత. చెప్పాను. "అయితే కొలవండి. ఎంతుందో నాకూ తెలియాలి" అంటూ లేచి టేపు రెండో కొస తనే పట్టుకున్నారు.

అలా ఆవిడా మా ఆయనా ఇల్లంతా కొలిచారు, నేను కాగితం మీద రాశాను. స్నానాలగది నేల ఎందుకు తవ్వి మళ్ళీ వేయించాల్సి వచ్చిందో, వెనకగది తలుపు మూల నుంచి పైకి ఏటవాలుగా పగులు ఎప్పుడు మొదలైందో ఆవిడే చూపించి చెప్పారు. అన్నీ కూడితే ప్రకటనలో ఉన్నదానికి బాగా తక్కువ వచ్చింది. ప్రకటనల్లో గోడల మందం, బాల్కనీ, మెట్లు, లిఫ్టులో వాటా కూడా కలిపి చెప్పడం ఉంటుంది కాబట్టి తేడా రావడం వింత కాదు. కానీ మాకు అది లోపలి కొలతేనని ఒకటికి రెండుసార్లు చెప్పారు. కాగితం ఆవిడ మడిచి తన దగ్గరే పెట్టుకున్నారు. "ఈ ఇంటి దస్తావేజులో మా ఆయన పేరు పక్కన నా పేరు కూడా ఉందమ్మా" అన్నారు చివరికి.

అంటే ఆవిడ సంతకం లేకుండా ఆ ఇల్లు మొత్తంగా ఎవరికీ చెందదు. తొందరపడి అడ్వాన్సు ఇచ్చినవాళ్ళు ఇల్లు కాదు, కోర్టు కేసు కొనుక్కున్నట్టే.

మేం ఇల్లు చేరకముందే కొడుకు ఫోన్. మా నంబరు ఆ బ్రోకరే ఇచ్చాడు. "మా అమ్మకి చెప్పడానికి మీరెవరు?" అని అరిచాడు. చేతిలో డబ్బుల్లేక, కాలక్షేపానికి ఇళ్ళు చూస్తూ తిరిగే రకమట మేం. అంతటితో ఆగలేదు. చూపిస్తామని మాటిచ్చిన ఇతర బ్రోకర్లు కూడా ఉన్నట్టుండి ఫోన్లు ఎత్తడం మానేశారు. జీవితంలో ఎవరి దగ్గరా మాట పడని మనిషి మా ఆయన. ఆ రాత్రి ఆయన అన్నం ముందు మౌనంగా కూర్చోవడం చూశాక ఆ బ్రోకరు మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. అయినా నిజం చెప్పినందుకు నాకు ఒక్క క్షణం కూడా విచారం లేదు. ఇల్లు అమ్ముకోవడానికి వంద కారణాలుండొచ్చు, అందులో తప్పేం లేదు. కన్నతల్లికి చెప్పలేని పనిని ముక్కూ ముఖం తెలియనివాళ్ళ చేత చేయించాలనుకోవడం తప్పు. కమీషను కోసం దానికి వంత పాడటం ఇంకా పెద్ద తప్పు.

అప్పట్నుంచి ఫోన్లోనే మూడు మాటలు అడిగేదాన్ని. కాగితాల్లో ఎవరెవరి పేర్లున్నాయి? ఇంట్లో ఎవరుంటున్నారు? వాళ్ళందరికీ అమ్మకం సంగతి తెలుసా? నసిగితే వెళ్ళేవాళ్ళం కాదు. "సాయంత్రం ఇంకొకరు అడ్వాన్సు ఇస్తున్నారు" అని తరిమే బ్రోకరుని అసలు నమ్మకండి. మాతో అలా అన్న ఇళ్ళు ఆ తర్వాత కూడా ప్రకటనల్లో కనిపిస్తూనే ఉన్నాయి.

ఇంటి పరీక్ష విషయానికొస్తే, నీళ్ళ మీటరు ఉంటే కుళాయిలన్నీ కట్టేసి చూడండి. అప్పటికీ తిరుగుతుంటే ఎక్కడో కారుతున్నట్టే. ప్లాస్టరు మీద వెంట్రుకంత పగుళ్ళు మామూలే. తలుపు, కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పాకి, 5 మిల్లీమీటర్లు దాటి వెడల్పున్న పగులైతే ఇంజనీరుని తీసుకెళ్ళకుండా మాట ఇవ్వొద్దు, పునాది కుంగుతూ ఉండొచ్చు.

మేం కొంటున్న ఇల్లు ఇద్దరు అక్కచెల్లెళ్ళది. పైకప్పు ఎక్కడ కారిందో, ఎలా బాగు చేయించారో పెద్దావిడ మేం అడక్కుండానే బిల్లుతో సహా చూపించింది. సంతకాలకి ముందు ఇద్దరూ ఒకేచోట కూర్చుని మాట్లాడితే తప్ప ముందుకు రామన్నాను. బ్రోకరు చిరాకుపడ్డాడు, నేను పట్టించుకోలేదు. ఇద్దరినీ విడివిడిగా అడిగాను, ఇష్టపడే అమ్ముతున్నారా అని. అవునన్నారు. చిన్నావిడ అటక మీద సామాన్లు తీసుకెళ్ళడానికి ఇంకో నెల గడువు కావాలంది. అది కూడా అగ్రిమెంటులోనే రాయించాం.