మేం విడిపోలేదని కోర్టు ముందు రాయించుకున్నాను

నిన్న మధ్యాహ్నం కొరియర్ అబ్బాయి ఒక కవరు ఇచ్చి వెళ్ళాడు. లోపల ఉన్నది ఒకే కాగితం. దాని కోసం అయిదు నెలలు తిరిగాను. కోపం చల్లారకముందే ఇదంతా రాసేస్తున్నాను. చల్లారాక రాస్తే మర్యాద అడ్డొస్తుంది.

మాది నల్లగొండ, రామగిరి. 2021 డిసెంబర్‌లో చెర్వుగట్టు గుట్ట కింద మా పెళ్ళయింది. మావారు అమెరికా పౌరుడు, డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటారు. అత్తవారిది మిర్యాలగూడ. వీసా వచ్చి నేను అక్కడ దిగింది 2023 ఫిబ్రవరి 14న. అప్పటికి పెళ్ళయి రెండేళ్ళు నిండలేదు కాబట్టి పదేళ్ళ గ్రీన్ కార్డు బదులు రెండేళ్ళ కార్డు ఇచ్చారు. దాని గడువు ముగియడానికి ముందున్న 90 రోజుల్లో భార్యాభర్తలిద్దరూ సంతకాలు చేసి ఐ-751 అనే ఉమ్మడి దరఖాస్తు పంపాలి. కార్డు కోసం చేసుకున్న పెళ్ళి కాదని రుజువులు జత చేయాలి. విడాకులైపోతే ఒంటరిగా పెట్టుకోవడానికి అదే ఫారంలో వేరే గడి ఉంది. నా లెక్కలో 2024 నవంబర్ 16 నుంచి పంపవచ్చు. అంతకు ముందే పంపితే వెనక్కి వస్తుంది. 2025 ఫిబ్రవరి 14 దాటితే నా హోదాయే పోతుంది.

ఇదంతా ఇర్వింగ్‌లో కూర్చుని చేసుకోవలసిన పని. కానీ సెప్టెంబర్ రెండో వారంలో నాన్నకు పక్షవాతం వచ్చింది. కుడి చేయి, మాట రెండూ పడిపోయాయి. నేను మూడో రోజుకల్లా నల్లగొండలో ఉన్నాను. మూడు వారాలకని వచ్చినదాన్ని మూడు నెలలైనా కదలలేకపోయాను.

ఎవరో చెబితే దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కన్సల్టెంటు దగ్గరికి వెళ్ళాను. గోడ మీద నాలుగు దేశాల జెండాలు, బల్ల మీద గాజు గ్లోబు. "భార్య ఇండియాలో, భర్త అమెరికాలో ఉంటే ఉమ్మడి దరఖాస్తు చెల్లదమ్మా. దానికి వేరే దారి ఉంది, 45 వేలవుతుంది" అన్నాడు. భయంతో అయిదు వేలు అడ్వాన్సు ఇచ్చి వచ్చాను. ఆ రాత్రి మావారు, ఫారంతో పాటు ఉచితంగా దొరికే సూచనల పుస్తకం తెరిచి ఫోనులో చదివి వినిపించారు. దరఖాస్తు పంపే సమయానికి నేను అమెరికాలో ఉండనక్కరలేదు, ఇంటర్వ్యూకి పిలిస్తే మాత్రం ఇద్దరం హాజరు కావాలి అని అందులో స్పష్టంగా రాసి ఉంది. నా అయిదు వేలు ఇంకా తిరిగి రాలేదు. ఫోను చేస్తే ఒక అమ్మాయి ఎత్తి సారు మీటింగులో ఉన్నారంటుంది. పాపం, ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు.

ఫారం నింపడం ఒక సాయంత్రం పని. ఫీజు 750 డాలర్లు మావారు కట్టారు. సంతకం కూడా తేలికే: కాగితం మీద పెన్నుతో చేసిన సంతకాన్ని స్కాన్ చేసి పంపినా తీసుకుంటారు, కంప్యూటర్‌లో టైపు చేసిన పేరు మాత్రం చెల్లదు. ప్రకాశం బజార్ జిరాక్స్ షాపులో ప్రింటు తీయించినప్పుడు వాళ్ళ కాగితం కొలత వేరు, మన ఏ4 కొలత వేరు కావడంతో అంచులు తెగిపోయాయి. మూడోసారికి కుదిరింది.

చిక్కంతా రుజువుల దగ్గర వచ్చింది. ఇద్దరి పేర్లూ ఉన్న అద్దె ఒప్పందం, ఉమ్మడి బ్యాంకు ఖాతా, బీమా పత్రాలు, కలిపి వేసిన పన్ను రిటర్ను, పిల్లలుంటే వాళ్ళ జనన పత్రాలు పెట్టమంటారు. మాకు పిల్లలు లేరు. అద్దె ఒప్పందంలో నేను కిరాయిదారును కాను, ఆ ఇంట్లో ఉండే మనిషిని మాత్రమే. కరెంటు, ఇంటర్నెట్, కారు అన్నీ ఆయన పేరు మీదే. ఉమ్మడి ఖాతా ఉంది కానీ అందులో నేను వాడిన జాడ రెండు చోట్ల ఉంది, రెండూ కూరగాయలే. 2023 సంవత్సరానికి కలిపి వేసిన పన్ను రిటర్ను, ఆయన కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా మమ్మల్ని ఆదుకున్నాయి.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. నల్లగొండలో ఇల్లు నాన్న పేరు మీద, పొలం అన్నయ్య పేరు మీద, ఇర్వింగ్‌లో కరెంటు మీటరు మావారి పేరు మీద. నా పేరు పెద్ద అక్షరాల్లో అచ్చయిన కాగితం పెళ్ళి శుభలేఖ ఒక్కటే. అమెరికా వెళ్ళబోయే చెల్లెళ్ళు దిగిన వారంలోనే కరెంటు బిల్లు మీద పేరు ఎక్కించుకోండి. చీరలు తర్వాత సర్దుకోవచ్చు.

పెళ్ళి ఆల్బమ్ ఉందిగా అంటారేమో. ఏడెనిమిది కిలోల ఆల్బమ్. కరోనా రోజులు కావడంతో అందులో బంధువుల్లో సగం మందికి మాస్కులున్నాయి. తలంబ్రాల ఫోటోలో మా అమ్మను నేనే పోల్చుకోలేకపోయాను. అయినా అందులోంచి పన్నెండు ఫోటోలు ఏరి పెట్టాను.

ఇక ప్రమాణ పత్రాలు. కార్డు వచ్చినప్పటి నుంచి మా ఇద్దరినీ ఎరిగినవాళ్ళు, మా కాపురం కళ్ళారా చూసినవాళ్ళు కనీసం ఇద్దరు రాసివ్వాలి. వాళ్ళ పేరు, చిరునామా, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, మాతో చుట్టరికం, మా సంగతి వాళ్ళకెట్లా తెలుసు అన్నీ ఉండాలి. ఒకటి ఇర్వింగ్‌లో మా పక్క అపార్ట్‌మెంటులో ఉండే సూర్యాపేట అన్నయ్య ఇస్తానన్నాడు. రెండోది మా మేనమామ. 2023 వేసవిలో ఆయన విజిటర్ వీసా మీద వచ్చి మూడు నెలలు మా ఇంట్లోనే ఉన్నారు. "అఫిడవిట్ అంటే కోర్టు దగ్గరే చేయించాలి, పద" అన్నారు మామయ్య. వెళ్ళాను. అదే నా తప్పు.

కోర్టు ముందు వరుసగా టైపింగ్ షెడ్లున్నాయి. ఒక పెద్దాయన ఖాళీగా కనిపించాడు, అరవై దాటి ఉంటాయి, కళ్ళద్దాలు ముక్కు మీదికి జారి ఉన్నాయి. "భార్యాభర్తల అఫిడవిట్ ఒకటి కావాలి" అన్నారు మామయ్య. ఆయన మిగతాది వినలేదు. పాత ఫైలు తెరిచాడు, నా పేరు, మావారి పేరు అడిగాడు, టకటకా కొట్టుకుంటూ పోయాడు. నేను వంగి చూస్తే తెర మీద "మనస్పర్థల కారణముగా వేరువేరుగా నివసించుచున్నాము" అని ఉంది.

"అయ్యా, మేం కలిసే ఉంటున్నాం. కలిసి ఉంటున్నామనే రాయాలి" అన్నాను.

ఆయన కళ్ళద్దాలు తీసి నన్ను, మామయ్యను మార్చి మార్చి చూశాడు. "కలిసి ఉన్నోళ్ళకు అఫిడవిట్ ఎందుకమ్మా? ముప్పై ఏళ్ళుగా కొడుతున్నాను, ఇట్లాంటిది ఎవరూ అడగలేదు" అన్నాడు. గట్టిగానే అన్నాడు. చుట్టూ ఉన్న తలలన్నీ మావైపు తిరిగాయి.

పక్క బెంచీ మీద ఒకావిడ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. జరిగి నాకు చోటిచ్చింది.

"పిల్లలున్నారా?"

"లేరండీ."

"బంగారం తెచ్చుకున్నావా, వాళ్ళ దగ్గరే ఉందా?"

"అమ్మా, మేం విడిపోవడం లేదు."

"మొదట్లో నేనూ అదే అన్నాను" అంది, నా చేయి పట్టుకుని.

ఆమెకు ఏం చెప్పాలో నాకు తోచలేదు. ఆమె భరణం కేసుకు అది ఎన్నో వాయిదానో నేను అడగలేదు. టిఫిన్ డబ్బా తెరిచి సగం పులిహోర నాకే పెట్టింది.

ఇంగ్లీషులో కొట్టించి, తప్పులు దిద్దించి, 100 రూపాయల స్టాంపు పేపరు మీదికి ఎక్కించేసరికి మధ్యాహ్నమైంది. అప్పుడు నోటరీ వకీలు మొదలుపెట్టాడు. భర్త ఎదురుగా లేకుండా కాపురం సంగతి తానెట్లా ధ్రువీకరిస్తానన్నాడు. సంతకం నాది, ఆధార్ నాది, నేను చూసిందే నేను చెబుతున్నాను అని మామయ్య వాదించారు. అల్లుడి ఆధార్ తెమ్మన్నాడు. ఆయన అమెరికా పౌరుడు, ఆధార్ లేదన్నాను. "ఆధార్ లేని భర్తా!" అని వకీలు నవ్వాడు, ఆయన గుమాస్తా నవ్వాడు, టీ ఇచ్చే పిల్లవాడు కూడా నవ్వాడు. గంటన్నర నిలబెట్టి ఎర్ర ముద్ర వేశాడు. ఆరువందలు తీసుకున్నాడు.

ఆ గంటన్నరలో నన్ను ఎవరెవరు చూశారో నాకు తెలియదు. క్లాక్ టవర్ దగ్గర మందులు కొనుక్కుని ఇంటికి వచ్చేసరికి వీధి చివరి ఇంటావిడ మా అమ్మ పక్కన కూర్చుని ఉంది. అమ్మ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను కోర్టు బెంచీ మీద ఏడుస్తూ కనిపించానట. పులిహోరలో పచ్చిమిరపకాయ కొరికాను, అంతే. ఏడు గంటలకు మిర్యాలగూడ నుంచి అత్తయ్య ఫోను: "మాకొక్క మాట చెప్పకుండా కోర్టు దాకా వెళ్ళావా తల్లీ? మావాడు ఏం తక్కువ చేశాడు?" అరవై కిలోమీటర్లు కూడా లేని దారిలో ఆ వార్త నాకన్నా వేగంగా ప్రయాణించింది. నిజం చెబితే ఆమె నమ్మలేదు. నమ్మమంటే మాత్రం ఎట్లా? కాపురం బాగానే ఉందని కోర్టుకెళ్ళి రాయించుకున్నానంటే నేనైనా నమ్ముతానా!

వాళ్ళందరినీ తట్టుకున్నాను. రాత్రి నాన్నకు మందు వేస్తుంటే పలక అడిగారు. మాట రావడం లేదని ఎడమ చేత్తో రాయడం నేర్పిస్తున్నాం. ఒంకరటింకరగా, చాలా సేపు పట్టి, "అల్లుడు" అని రాసి, పక్కన ప్రశ్న గుర్తు పెట్టారు. అవతలి గదిలో గుసగుసలు అన్నీ విన్నారన్నమాట. వెంటనే మావారికి వీడియో కాల్ చేశాను. ఆఫీసు మధ్యలో లేచి వెళ్ళి కారులో కూర్చుని ఇరవై నిమిషాలు నాన్నతో మాట్లాడారు, ఈసారి బత్తాయిలు ఎట్లా కాశాయి, పానగల్ చెరువు నిండిందా అని. నాన్న జవాబు చెప్పలేరు కదా, తల ఊపుతూ విన్నారు. నిద్రపోయే ముందు పలక మీద ప్రశ్న గుర్తు తుడిచేశారు.

ఇంత జరిగాక వారం తిరక్కుండానే సూర్యాపేట అన్నయ్య పత్రం వచ్చింది. మామూలు తెల్ల కాగితం. కింద, ఇందులో అబద్ధముంటే చట్టప్రకారం శిక్షకు సిద్ధమని ఒక వాక్యం, సంతకం, తేదీ. నోటరీ లేదు, స్టాంపు లేదు. అట్లా రాసిస్తే ప్రమాణంతో సమానమని అమెరికా చట్టంలోనే ఉందట. ఆ దేశం బయట రాసేవాళ్ళు అమెరికా చట్టాల ప్రకారమని ఒక ముక్క కలిపితే చాలట. అంటే మామయ్య వాళ్ళ వరండాలో టీ తాగుతూ పది నిమిషాల్లో రాయగలిగిన కాగితం కోసం నేను ఊరంతటికీ విడాకులిచ్చి వచ్చాను. ఎర్ర ముద్ర కాగితం కూడా పంపాం, పారేయడానికి మనసొప్పలేదు.

శుభలేఖ తెలుగులో ఉంది కనుక దానికి మా పిన్ని కూతురు అనువాదం చేసి, రెండు భాషలూ తనకు వచ్చునని కింద సంతకం పెట్టింది. మొత్తం 214 పేజీలు, వరుస సంఖ్యలతో, ముందు విషయసూచికతో. డిసెంబర్ మొదటి వారంలో మావారు పోస్టు చేశారు. లాయరును పెట్టుకుని పంపిన మా బంధువులకే ఇంకా రుజువులు కావాలని ఉత్తరం వచ్చింది. నాకు ఇప్పటిదాకా రాలేదు. ఈ ఒక్క విషయంలో నన్ను మెచ్చుకోవచ్చు.

జనవరిలో రసీదు వచ్చింది. పాత కార్డుతో పాటు అది చూపిస్తే హోదా మరో 48 నెలలు చెల్లుతుంది. వేలిముద్రలకు జనవరి ఆఖరున రమ్మంటే, ఆ తేదీ రాకముందే ఆన్‌లైన్‌లో అడిగి మార్చి మధ్యకు మార్పించుకున్నాం. తేదీ దాటాక అడిగే పరిస్థితి తెచ్చుకోకండి. మావారు రసీదు ఫోటో పంపి ఇది చాలన్నారు. చాలదు, కార్డు గడువు ఫిబ్రవరి 14న అయిపోయింది, విమానం ఎక్కించేవాళ్ళకు అసలు కాగితం చూపించాలి అని రెండు రోజులు పోట్లాడాక కొరియర్ చేశారు. నిన్న వచ్చిన కవరు అదే. వచ్చి ఆరు నెలలు దాటకుండా వెళ్ళాలని మార్చి 6కు టికెట్ తీసుకున్నాను.

రాత్రి ఆ కాగితం సూట్‌కేసులో పెడదామని చూస్తే బల్ల మీద లేదు. అమ్మ దేవుడి దగ్గర పెట్టింది. పెట్టి ఊరుకోలేదు, శుభలేఖకు పెట్టినట్టే నాలుగు మూలలా పసుపు రాసింది. అరిచాను. "పసుపు పెట్టకుండా శుభం కాగితం ఎట్లా ఇస్తారే ఎవరికైనా?" అంది. దూదితో అద్దాను, పొడి పోయింది, పసుపు పోలేదు. ఫోటో తీసి మావారికి పంపాను. శంషాబాద్ కౌంటర్‌లో అడిగితే ఏం చెప్పాలో ఇంగ్లీషులో మూడు వాక్యాలు రాసి పంపారు. అందులో టర్మరిక్ అన్న మాట రెండుసార్లు ఉంది.